ఉప్పల్ దాటి లార్డ్స్ దాకా: హైదరాబాదీ అభిమానులు క్రికెట్ గ్రౌండ్ల టూర్ ప్లాన్ చేసుకోవడం ఎలా

విదేశాల్లో క్రికెట్ చూడాలనుకునేవాళ్లు ముందు ఇండియా మ్యాచ్ ఎక్కడుందో వెతుకుతారు. దానికి టికెట్ దొరక్కపోతే టూరే మానేస్తారు. నన్నడిగితే ఇది తిరగేసి ఆలోచించాలి. ముందు గ్రౌండ్‌ని ఎంచుకోండి. ఆ రోజు అక్కడ ఎవరు ఆడుతున్నా ఫర్వాలేదు, అసలు ఆటే లేకపోయినా ఫర్వాలేదు. లండన్‌లోని లార్డ్స్‌లో ఇండియా టెస్టుకు టికెట్ దొరకడం అదృష్టం మీద ఆధారపడిన పని. అదే లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్ ఆడే కౌంటీ (ఇంగ్లండ్ దేశవాళీ) మ్యాచ్‌కైతే చాలాసార్లు ఆ రోజు పొద్దున కూడా టికెట్ దొరుకుతుంది, ధర కూడా టెస్టుతో పోలిస్తే చాలా తక్కువ. ఎదురుగా కనిపించేది మాత్రం అదే పచ్చిక, అదే పెవిలియన్.

ఈ ఒక్క మాట ఒప్పుకుంటే మిగతా ప్లానింగ్ అంతా సులువవుతుంది. ఏ వరుసలో చేయాలో చెప్తాను.

1. ఒక ఆటగాడిని పట్టుకోండి

"చూసి తీరాల్సిన పది స్టేడియాలు" లాంటి జాబితాలు పక్కన పెట్టండి. వాటిలో సగం సీట్ల లెక్క మీద నడిచేవే. సీట్లే ముఖ్యమైతే వీసా ఖర్చు లేకుండా అహ్మదాబాద్ వెళ్లి రావచ్చు, అక్కడ 1,32,000 మంది పడతారు. అలా కాకుండా మీకు గుర్తుండిపోయిన ఒక ఇన్నింగ్సో, ఒక బౌలింగ్ స్పెల్లో తీసుకుని అది జరిగిన చోటు వెతుక్కోండి. హైదరాబాద్ వాళ్లకు ఈ విషయంలో కరువే లేదు.

1968లో మన హైదరాబాదీ జయసింహను ఆస్ట్రేలియా టూర్ మధ్యలో పిలిపిస్తే, బ్రిస్బేన్‌లో దిగి సరైన ప్రాక్టీస్ కూడా లేకుండా 74, 101 కొట్టాడు. 1971లో లండన్ ఓవల్‌లో అబిద్ అలీ కట్ చేసి ఫోర్ కొడితే ఇంగ్లండ్ గడ్డ మీద మనకు మొదటి టెస్ట్ విజయం దక్కింది. మిథాలీ రాజ్ 214 కొట్టింది టాంటన్‌లో, 2002లో. లక్ష్మణ్‌కు సిడ్నీ ఒక్కదాంట్లోనే మూడు టెస్ట్ సెంచరీలున్నాయి: 167, 178, 109. ఇక సిరాజ్ వెంట వెళ్లాలంటే పాస్‌పోర్ట్ పేజీలు సరిపోవు. బ్రిస్బేన్‌లోని గబ్బా, కొలంబో, కేప్‌టౌన్, ఎడ్జ్‌బాస్టన్, ఓవల్, ఎక్కడ చూసినా ఐదో ఆరో వికెట్లు.

ఇలాంటివి రెండు మూడు ఎంచుకున్నాక ఆ హైలైట్స్ మళ్లీ ఒకసారి చూడండి. ఈసారి బ్యాట్స్‌మన్‌ని కాకుండా వెనకాల ఏముందో చూడండి. పిచ్ ఏ చివర (ఎండ్) నుంచి బౌలింగ్ వేస్తున్నారు, సిక్స్ పడ్డ స్టాండ్ ఏది, స్కోరుబోర్డు ఎటుంది. ఇదంతా గుర్తుంటే అక్కడికి వెళ్లి కూర్చున్నప్పుడు ఖాళీ గ్రౌండ్ కూడా ఖాళీగా అనిపించదు.

2. మన ఊళ్లోనే కళ్లు అలవాటు చేసుకోండి

బషీర్‌బాగ్‌లో లాల్ బహదూర్ స్టేడియం పక్కనుంచి బస్సులోనో బండి మీదో ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో. 1955 నవంబర్‌లో పాలీ ఉమ్రిగర్ ఇక్కడే న్యూజిలాండ్ మీద 223 కొట్టాడు. టెస్టుల్లో మనవాళ్ల మొదటి డబుల్ సెంచరీ అదే. ఆ స్టేడియంలో మూడే టెస్టులు జరిగాయి, మూడూ న్యూజిలాండ్‌తోనే, చివరిది 1988లో. విచిత్రమేంటంటే 2010లో ఉప్పల్‌లో మొదటి టెస్ట్ ఆడటానికి వచ్చింది కూడా న్యూజిలాండే.

ఉప్పల్‌కు ఐపీఎల్ రోజు కాకుండా ఏదైనా రంజీ మ్యాచ్ రోజు వెళ్లండి. 2009 నవంబర్ 5న ఆస్ట్రేలియా 350 కొడితే సచిన్ ఒంటరిగా 175 లాక్కొచ్చి, చివరికి మూడు పరుగుల తేడాతో ఓడిన రాత్రి ఇక్కడే. డీజే, ఫ్లడ్‌లైట్లు, అరుపులు లేనప్పుడు ఒక గ్రౌండ్ ఎలా ఉంటుందో, గాలి ఎటు వీస్తుందో, బంతి బ్యాట్‌కు తగిలిన చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో అక్కడే తెలుసుకోవచ్చు. ఆ రోజంతా బోర్ కొడితే మీకు టూర్ కన్నా టీవీయే నయం. డబ్బు మిగులుతుంది.

3. మొదటి ట్రిప్ దగ్గర్లోనే పెట్టుకోండి

మొదటిసారే ఆస్ట్రేలియా వద్దు. కోల్‌కతా నుంచి మొదలుపెట్టండి. ఈడెన్ గార్డెన్స్‌లో 1864 నుంచి క్రికెట్ ఉంది. హైదరాబాదీకి అది రెండో ఇల్లు. 1984 డిసెంబర్ 31న మొదలైన టెస్టులో అజహర్ అరంగేట్రం అక్కడే, కొట్టింది 110. ఆ తర్వాత అక్కడే ఇంకో నాలుగు టెస్ట్ సెంచరీలు కొట్టాడు. 2001 మార్చిలో ఫాలో ఆన్ (వెంటనే రెండోసారి బ్యాటింగ్) ఆడుతూ లక్ష్మణ్ కొట్టిన 281 గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ద్రవిడ్‌తో కలిసి మార్చి 14న రోజంతా వికెట్ పడకుండా నిలబడ్డాడు, ఇద్దరి భాగస్వామ్యం 376. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా అక్కడ ఆగింది.

చెన్నై చెపాక్‌కు రాత్రి రైలెక్కితే పొద్దునకు చేరతారు. అక్కడ చూడాల్సింది గ్రౌండ్ కన్నా జనాన్ని. 1999లో మన మీద గెలిచిన పాకిస్తాన్ జట్టుకు లేచి నిలబడి చప్పట్లు కొట్టిన ప్రేక్షకులు వాళ్లు.

దేశం దాటితే మొదట శ్రీలంకలోని గాలె. నా లెక్కలో ప్రపంచంలో ఇంతకన్నా తక్కువ ఖర్చుతో ఇంత అందమైన టెస్ట్ గ్రౌండ్ ఇంకోటి లేదు. ఆన్‌లైన్‌లో ఈటీఏ (ప్రయాణ అనుమతి) తీసుకోండి, శంషాబాద్ నుంచి కొలంబో వెళ్లండి, కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో రైలెక్కండి. ట్రాక్ చాలా దూరం సముద్రం ఒడ్డునే పోతుంది కాబట్టి కుడివైపు కిటికీ పట్టుకోండి. గాలె స్టేషన్‌లో దిగి నడుస్తూ వెళ్లడమే, గ్రౌండ్ అక్కడే ఉంటుంది. దాని వెనకాలే డచ్ వాళ్ల కోట. ఆ కోట గోడ ఎక్కి నిలబడితే ఒకవైపు సముద్రం, ఇంకోవైపు పిచ్. మ్యాచ్ జరిగే రోజుల్లో కూడా అక్కణ్నుంచి టికెట్ లేకుండా చూసేవాళ్లుంటారు. 2004 సునామీలో ఈ గ్రౌండ్ పూర్తిగా పాడైపోతే బాగుచేసి 2007 డిసెంబర్‌లో మళ్లీ టెస్ట్ ఆడించారు. 2010 జులై 22న మురళీధరన్ తన చివరి టెస్టులో 800వ వికెట్ తీసిందీ ఇక్కడే. ఆ 800వ వాడు ఎవరనుకున్నారు, మన హైదరాబాద్ రంజీ జట్టు స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా! తిరుగు ప్రయాణంలో కొలంబోలో ఒక పూట ఉంటే ప్రేమదాస స్టేడియం కూడా చూడొచ్చు. 2023 ఆసియా కప్ ఫైనల్లో సిరాజ్ 21 పరుగులకే ఆరు వికెట్లు తీసి శ్రీలంకను 50కి చుట్టేసింది అక్కడే.

దుబాయ్‌లో అక్కో మేనమామో ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం షార్జా వెళ్లి రండి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ వన్డేలు జరిగింది ఆ చిన్న గ్రౌండ్‌లోనే. 1998 ఏప్రిల్ 22న ఇసుక తుఫాను మధ్య సచిన్ 143, రెండు రోజుల తర్వాత తన పుట్టినరోజున ఫైనల్లో 134. ఒక జాగ్రత్త: బంధువులకని మసాలాలు మూటగట్టేటప్పుడు అందులో గసగసాలు లేకుండా చూసుకోండి. అక్కడ అవి నిషిద్ధం, ఎయిర్‌పోర్టులోనే చిక్కుల్లో పడతారు.

4. క్యాలెండర్ ముందు పెట్టుకోండి

ఇంగ్లండ్‌లో క్రికెట్ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సౌతాఫ్రికాలో అక్టోబర్ నుంచి మార్చి దాకా. ఇది చూసుకోకుండా జులైలో మెల్‌బోర్న్ వెళ్తే ఎంసీజీ (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్)లో వాళ్ల ఫుట్‌బాల్ తప్ప ఏమీ ఉండదు. పిచ్ కూడా ఉండదు, అక్కడ పిచ్‌ని బయట తయారుచేసి సీజన్‌కు తెచ్చి దింపుతారు.

కొన్ని తేదీలకు షెడ్యూల్ కోసం ఎదురుచూసే పని లేదు. మెల్‌బోర్న్‌లో బాక్సింగ్ డే టెస్ట్ డిసెంబర్ 26న మొదలవుతుంది. సిడ్నీలో న్యూ ఇయర్ టెస్ట్ జనవరి మొదటి వారంలో. రెండు నగరాల మధ్య ఫ్లైట్‌లో గంటన్నర. ఆఫీసులో ఒకే లీవ్ మీద ప్రపంచంలోని రెండు గొప్ప గ్రౌండ్లు చూడొచ్చు. మన ఐటీ కంపెనీల్లో సంవత్సరాంతానికి మిగిలిపోయే సెలవులకు ఇంతకన్నా మంచి వాడకం నాకు తెలియదు. అయితే అది క్రిస్మస్ సీజన్, ఫ్లైట్ ధరలు ఆకాశంలో ఉంటాయి. కనీసం ఆరు నెలల ముందు చూసుకోకపోతే కష్టం.

టెస్టుకు వెళ్తే మొదటి మూడు రోజుల్లో టికెట్ తీసుకోండి. నాలుగు, ఐదు రోజులు ఎప్పుడూ రిస్కే. ఒక్కోసారి మూడో రోజు కూడా దక్కదు. 2024 జనవరిలో కేప్‌టౌన్ టెస్ట్ మొదటి పొద్దునే సిరాజ్ 15 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీస్తే సౌతాఫ్రికా 55కి ఆలౌట్ అయింది. మ్యాచ్ మొత్తం 642 బంతుల్లో, రెండో రోజే అయిపోయింది. ఫలితం తేలిన టెస్టుల్లో ఇంత చిన్నది ఇంకోటి లేదు. మూడో రోజు టికెట్ కొన్న ఇండియా అభిమాని సంతోషించాలో ఏడవాలో చెప్పండి!

5. టికెట్, హోటల్, వీసా, ఫ్లైట్: వరుస తప్పొద్దు

జింఖానా గ్రౌండ్ దగ్గర క్యూలో నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్లకు విదేశీ టికెట్లు పెద్ద కష్టమనిపించవు. అంతా ఆన్‌లైనే. కాకపోతే ఓపిక కావాలి. ఇంగ్లండ్‌లో పెద్ద టెస్టుల టికెట్లు నెలల ముందే, చాలావరకు అంతకు ముందు చలికాలంలోనే అమ్మేస్తారు. లార్డ్స్‌కు బ్యాలట్ ఉంటుంది. పేరు నమోదు చేసుకుంటే లాటరీ తీసి టికెట్ కొనే అవకాశం ఇస్తారు. ఇది మ్యాచ్ ఏడాదిలో కాకుండా అంతకు ముందే మొదలవుతుందని గుర్తుంచుకోండి. బ్యాలట్‌లో రాకపోతే గ్రౌండ్ వాళ్లే నడిపే రీసేల్ చూడండి. వాట్సాప్ గ్రూపుల్లో "బ్రో, నా దగ్గర ఎక్స్‌ట్రా ఉంది" అనేవాళ్ల జోలికి పోకండి. పేరు, యాప్ లింకు తేడా వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

టికెట్ చేతికొచ్చాక, రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇచ్చే హోటల్ బుక్ చేయండి. ఆ తర్వాత వీసా. యూకే విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి మాత్రమే అప్లై చేయగలరు. అప్లికేషన్ సెంటర్‌కు వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్స్, ఆఫీసు లీవ్ లెటర్ శుభ్రంగా ఉండాలి. వీసాకు ముందు రోజు అప్పు తెచ్చి అకౌంట్లో లక్షలు పోస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ, వాళ్లు చూసేది ఆరు నెలల నడక. మ్యాచ్ టికెట్ జత చేయండి, ప్రయాణానికి అదొక స్పష్టమైన కారణం. ఆస్ట్రేలియా విజిటర్ వీసా మొత్తం ఆన్‌లైన్, పాస్‌పోర్ట్ మీద స్టిక్కర్ కూడా వేయరు, మెయిల్‌కు వస్తుంది. ఫ్లైట్ అన్నిటికన్నా చివర. వీసా రాకముందే నాన్-రిఫండబుల్ టికెట్ కొని టెన్షన్ పడేవాళ్లు ప్రతి సీజన్‌లో ఉంటారు.

లండన్‌కు శంషాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ ఉంది. ఆస్ట్రేలియాకు సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ లాంటి చోట్ల మారాలి. వెస్టిండీస్ మాత్రం మోసం చేస్తుంది. బార్బడోస్‌కు మనకు టూరిస్టుగా వీసా అక్కర్లేదు కదా అని సంతోషపడతారు. కానీ అమెరికా మీదుగా వెళ్లే ఫ్లైట్ తీసుకుంటే ఎయిర్‌పోర్టులో మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. టికెట్ కొనే ముందు మధ్యలో ఎక్కడ దిగుతున్నారో చూసుకోండి.

6. లండన్: ఒక ఊళ్లో రెండు గ్రౌండ్లు

2025 జులై 14న లార్డ్స్‌లో ఇంగ్లండ్ మీద మన చివరి బ్యాట్స్‌మన్ సిరాజ్ డిఫెండ్ చేసిన బంతి మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి వికెట్లకు తగిలింది. 22 పరుగుల తేడాతో ఓడాం. సిరాజ్ అక్కడే కూలబడ్డాడు. మూడు వారాల తర్వాత అదే నగరంలో, థేమ్స్‌కు అవతల ఓవల్‌లో, చివరి రోజు ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లున్నాయి. మనం ఆరు పరుగులతో గెలిచాం. సిరాజ్‌కు ఐదు వికెట్లు. కాబట్టి హైదరాబాదీ అభిమాని ఈ రెండు గ్రౌండ్లనూ ఈ వరుసలోనే చూడాలని నా పట్టుదల. ముందు లార్డ్స్, తర్వాత ఓవల్.

లార్డ్స్‌కు జూబిలీ లైన్‌లో సెయింట్ జాన్స్ వుడ్ స్టేషన్‌లో దిగండి. మ్యాచ్ లేని రోజు టూర్ బుక్ చేసుకోవడం మ్యాచ్ టికెట్ కన్నా విలువైన పని, ఎందుకంటే మ్యాచ్ రోజు మామూలు టికెట్ ఉన్నవాళ్లను పెవిలియన్ లోపలికి రానివ్వరు. టూర్‌లో అయితే ఆటగాళ్లు గ్రౌండ్‌కు వెళ్లే దారిలోని లాంగ్ రూమ్‌లో నడుస్తారు, డ్రెసింగ్ రూమ్‌లో సెంచరీలు, ఐదు వికెట్లు సాధించినవాళ్ల పేర్లుండే ఆనర్స్ బోర్డు చదువుతారు. సచిన్ పేరు ఆ బ్యాటింగ్ బోర్డు మీద వెతికి లాభం లేదు, అక్కడ అతనికి టెస్ట్ సెంచరీ లేదు. వెంగ్‌సర్కార్ మూడుసార్లు కనిపిస్తాడు. 1990 కోసం వెతికితే అజహర్ 121 కనిపిస్తుంది. ఇంగ్లండ్ గూచ్ 333 కొట్టిన మ్యాచ్‌లో జనం చప్పట్లు కొట్టిన ఇన్నింగ్స్ అది. 1983 జూన్ 25న కపిల్ కప్పు ఎత్తిన బాల్కనీ, 2002లో గంగూలీ చొక్కా తిప్పిన బాల్కనీ ఇదే.

కొన్ని టీవీలో తెలియవు. గ్రౌండ్ ఒకవైపు నుంచి ఇంకోవైపుకు దాదాపు రెండున్నర మీటర్లు వాలుతుంది. పెవిలియన్ ఎదురుగా నిలబడి రెండు పక్కల బౌండరీలు పోల్చి చూస్తే కళ్లకే తెలుస్తుంది, బౌలర్లు ఎందుకు ఎండ్ కోసం కొట్టుకుంటారో అర్థమవుతుంది. మ్యూజియంలో యాషెస్ (ఇంగ్లండ్, ఆస్ట్రేలియా టెస్ట్ సిరీస్) పాత్ర ఉంటుంది, అరచేతిలో ఇమిడేంత చిన్నది. దాని పక్కన 1936లో జహంగీర్ ఖాన్ బంతి తగిలి చచ్చిపోయిన పిచ్చుకను కూడా భద్రపరిచారు. ఇంగ్లీషువాళ్లు దేన్నీ పారేయరు. ఆడవాళ్లకు లార్డ్స్ సొంతదారు క్లబ్బు ఎంసీసీ సభ్యత్వం 1999లో గానీ ఇవ్వలేదు. ఆ గ్రౌండ్‌లోనే 2017 జులై 23న కిక్కిరిసిన జనం ముందు ప్రపంచ కప్ ఫైనల్‌కు మన మిథాలీ కెప్టెన్‌గా దిగింది, తొమ్మిది పరుగుల తేడాలో కప్పు పోయింది. కూతుళ్లను తీసుకెళ్తుంటే ఈ కథ అక్కడే చెప్పండి.

మర్నాడు ఓవల్. సెయింట్ జాన్స్ వుడ్ నుంచి జూబిలీ లైన్‌లో లండన్ బ్రిడ్జ్ దాకా వచ్చి నార్తర్న్ లైన్ మారితే స్టేషన్ పేరే ఓవల్. ఇంగ్లండ్‌లో మొదటి టెస్ట్ 1880లో ఇక్కడే. 1882లో ఆస్ట్రేలియా చేతిలో ఇంగ్లండ్ ఇక్కడ ఓడిపోయాకే యాషెస్ అన్న మాట పుట్టింది. 1948లో ఆస్ట్రేలియా దిగ్గజం బ్రాడ్‌మన్ చివరి ఇన్నింగ్స్‌లో సున్నాకు అవుటయిందీ ఇక్కడే. లార్డ్స్‌తో పోలిస్తే దర్జా తక్కువ, కానీ నాకు మనసుకు దగ్గరగా అనిపించేది ఇదే. పక్కనే పాత గ్యాస్ హోల్డర్ ఇనుప చట్రం కనిపిస్తుంది. 1971లో అబిద్ అలీ ఫోర్ కొట్టిన రోజుల్లో వినాయక చవితి అని జూ నుంచి బెల్లా అనే ఏనుగును తెచ్చి గ్రౌండ్‌లో తిప్పారు. చందాలు వసూలు చేసి ఖైరతాబాద్ గణేశుణ్ని చూసి పెరిగినవాళ్లకు ఆ గెలుపు ఎందుకు ఖాయమైందో వేరే చెప్పాలా!

తిండికి ఈస్ట్ హామ్ వెళ్లండి. ఇడ్లీ, దోసె, బిర్యానీ అన్నీ దొరుకుతాయి, బిర్యానీ విషయంలో మాత్రం మన పారడైజ్ సర్కిల్ అంచనాలు పెట్టుకోకండి.

రోజులు మిగిలితే టాంటన్ వెళ్లండి. చిన్న ఊరు, నది పక్కన చిన్న గ్రౌండ్. మిథాలీ 214 ఇక్కడిదే, 1999 ప్రపంచ కప్‌లో గంగూలీ 183, ద్రవిడ్ 145 కూడా ఇక్కడివే. చాలా కౌంటీ గ్రౌండ్లలో లంచ్ టైమ్‌లో జనాన్ని ఔట్‌ఫీల్డ్ మీదకు రానిస్తారు. తాళ్లు దాటి పిచ్ దాకా నడిచి వెళ్లి చూడొచ్చు, పిల్లలు బ్యాట్ తెచ్చుకుని ఆడుకుంటారు. ఉప్పల్‌లో ఫెన్సింగ్ వెనకాల నుంచి చూడటానికే అలవాటు పడ్డ మనకు మొదట కాళ్లు కదలవు.

7. ఆస్ట్రేలియా: ఎంసీజీ పెద్దది, అడిలైడ్ అందమైనది

హైదరాబాద్‌లో తెల్లవారుజామున 5 గంటలకు అలారం పెట్టుకుని బాక్సింగ్ డే టెస్ట్ చూసేవాళ్లకు ఎంసీజీ పరిచయం అక్కర్లేదు. 1877లో మొదటి టెస్ట్, 1971లో మొదటి వన్డే రెండూ ఇక్కడివే. లక్ష మంది పడతారు. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ నుంచి యారా నది పక్కనే నడుచుకుంటూ వెళ్లండి. జనం నాలుగు వైపుల నుంచి వచ్చి కలిసే ఆ నడక ట్రైన్‌లో వెళ్తే దొరకదు. 2024 డిసెంబర్ 28న విశాఖ కుర్రాడు నితీశ్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. పదకొండో నంబర్ సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు ఆపాడు. తర్వాత ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టి సెంచరీ చేశాడు. స్టాండ్స్‌లో వాళ్ల నాన్న ఏడ్చేశారు, ఇక్కడ మన ఇళ్లలో కూడా చాలామంది ఏడ్చారు. గ్రౌండ్‌లోనే ఉన్న ఆస్ట్రేలియన్ స్పోర్ట్స్ మ్యూజియానికి సగం రోజు కేటాయించండి.

అడిలైడ్‌కు నా ఓటు ఇంకాస్త ఎక్కువ. రైల్వే స్టేషన్ వెనకనుంచి కాలినడక వంతెన మీద టారెన్స్ నది దాటితే గ్రౌండ్. ఒక చివర 1911 నాటి స్కోరుబోర్డు, ఇప్పటికీ మనుషులే లోపల ఉండి నంబర్లు మారుస్తారు. దాని పక్కన పెద్ద పెద్ద మర్రి జాతి చెట్లు, వాటి వెనకాల చర్చి శిఖరాలు. 2003 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా 556 కొట్టాక మన పని అయిపోయిందనుకున్న చోట ద్రవిడ్ 233, లక్ష్మణ్ 148 కొట్టి, ఇద్దరూ కలిసి 303 జోడించి మ్యాచ్‌ను తిప్పేశారు. 2020లో 36 ఆలౌట్ కూడా ఇక్కడే అని ఎవరైనా గుర్తుచేస్తే స్కోరుబోర్డు చూపించి మాట మార్చండి.

సిడ్నీలో సెంట్రల్ నుంచి లైట్ రైల్ ఎక్కి మూర్ పార్క్‌లో దిగండి. పచ్చని రేకు కప్పులతో ఉన్న మెంబర్స్ పెవిలియన్, లేడీస్ పెవిలియన్ పంతొమ్మిదో శతాబ్దంవి. వాటి ఎదురు స్టాండ్‌లో కూర్చుంటేనే అవి సరిగ్గా కనిపిస్తాయి. లక్ష్మణ్ సెంచరీలు చెప్పాను. 2021లో తొడ కండరం పట్టేసినా కాకినాడ కుర్రాడు విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో మ్యాచ్ కాపాడింది కూడా ఇక్కడే. సాయంత్రం మన తిండికి హారిస్ పార్క్ అనే ఏరియా ఉంది.

గబ్బాను ఎప్పుడో చూద్దాంలే అనుకోకండి. 2032 ఒలింపిక్స్ తర్వాత దాన్ని కూల్చేస్తామని క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. 2021 జనవరిలో సిరాజ్ ఐదు వికెట్లు తీసిన ఆ గ్రౌండ్ మీ లిస్టులో ఉంటే దాన్ని పైకి జరపండి.

ఆవకాయ సంగతి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కస్టమ్స్ తిండి విషయంలో చాలా కఠినం. తీసుకెళ్లేవన్నీ డిక్లేర్ చేయండి. డిక్లేర్ చేస్తే మహా అయితే సీసా తీసుకుని పారేస్తారు, దాస్తే మాత్రం జరిమానా వేస్తారు. అయినా మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్లు లేని ఏరియా వెతుక్కోవాలి గానీ, ఆవకాయకు కొదవ లేదు.

8. డబ్బూ సెలవులూ ఇంకా ఉంటే

కేప్‌టౌన్ న్యూలాండ్స్‌కు వెళ్తే టేబుల్ మౌంటెన్ కనిపించే వైపు సీటు తీసుకోండి, అంతే. కొండ మీద మబ్బు దిగడం చూస్తూ ఒక సెషన్ గడిచిపోతుంది. బ్రిడ్జ్‌టౌన్ కెన్సింగ్టన్ ఓవల్‌లో 2024 జూన్ 29న ఏడు పరుగులతో టీ20 ప్రపంచ కప్ గెలిచాం. రోహిత్ పిచ్ మట్టి నోట్లో వేసుకున్నది అక్కడే. ఒక్క గ్రౌండ్ కోసం అంత దూరం వెళ్లమని మాత్రం చెప్పలేను, కరీబియన్ మొత్తం తిరిగేలా ఉంటేనే వెళ్లండి.

9. మ్యాచ్ రోజు

సీటు ఎంచుకునేటప్పుడు ఎండ లెక్క చూసుకోండి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం సూర్యుడు దక్షిణం వైపు నుంచి వెళ్తాడు. ఆస్ట్రేలియా, సౌతాఫ్రికాలో ఉత్తరం వైపు నుంచి. కాబట్టి అక్కడ మధ్యాహ్నం నీడ ఉత్తరం, పడమర స్టాండ్లకు. అమ్మానాన్నలను తీసుకెళ్తే ఇది చాలా ముఖ్యం. అక్కడి ఎండ మన మే నెల ఎండలా ఉక్కపోయదు, చల్లగా ఉంటూనే చర్మం కాల్చేస్తుంది. టోపీ, సన్‌స్క్రీన్ మొహమాటం లేకుండా వాడండి. ఇంగ్లండ్‌లో దీనికి పూర్తిగా ఉల్టా, జులైలో కూడా స్వెటర్, రెయిన్‌కోట్ బ్యాగ్‌లో ఉండాలి.

ఉప్పల్‌లో నీళ్ల బాటిల్ కూడా బయటే పెట్టించేస్తారు కాబట్టి మనం చేతులూపుకుంటూ వెళ్లడానికి అలవాటు పడ్డాం. ఇంగ్లండ్ టెస్టుల్లో ఇంటి తిండి తెచ్చుకోనిస్తారు. పులిహోర డబ్బా నిక్షేపంగా పట్టుకెళ్లండి. పక్క సీటు పెద్దాయనకు ఒక చెంచా పెడితే 1970ల నుంచి చూసిన మ్యాచ్‌లన్నీ చెప్తాడు. అయితే లార్డ్స్‌లో జెండాలు, బ్యానర్లు, డోళ్లు, విజిళ్లు కుదరవు. ఓవర్ మధ్యలో లేచి తిరగకూడదు. సీటు దగ్గరకు వెళ్లాలన్నా ఓవర్ అయ్యేదాకా మెట్ల దగ్గర ఆగాలి. బౌలర్ చేతి వెనకాల కదిలితే ఆటే ఆపేస్తారు, అప్పుడు స్టేడియం మొత్తం మిమ్మల్నే చూస్తుంది. ఎంసీజీ, సిడ్నీలో గోల చేసుకోవాలంటే మనవాళ్ల గుంపులు కూర్చునే బ్లాకులు వేరే ఉంటాయి, బుకింగ్ అప్పుడే ఎటు కావాలో తేల్చుకోండి.

వాన పడితే ఇంగ్లండ్‌లో ఆ రోజు ఎన్ని ఓవర్లు జరిగాయో చూసి టికెట్ డబ్బులో సగమో మొత్తమో వెనక్కి ఇస్తారు. కాబట్టి టికెట్ మీ అకౌంట్ నుంచే కొనండి, ఫ్రెండ్ కార్డుతో కొంటే రిఫండ్ వాడికి వెళ్తుంది. ఆట ఆగిపోయినప్పుడు హోటల్‌కు పరిగెత్తకండి. స్టాండ్ వెనకాల తిరిగి అన్ని వైపుల నుంచి గ్రౌండ్ చూసి రావడానికి అదే టైమ్, ఎందుకంటే ఆట జరుగుతున్నప్పుడు సీటు వదిలే మనసు రాదు.